అందరూ పైకి వచ్చారని రాసినవాణ్ణి

నా గురించి మీరు విన్న కథల్లో సగం నేనే పుట్టించినవి. పొగ నిండిన బాయిలోకి దూకి ఇద్దరిని చెరో భుజాన వేసుకొచ్చానన్నది అందులో ఒకటి. తెచ్చింది ఒకరినే. అతనికి కాలు బెణికింది, అంతే. సగం దూరం తానే నడిచాడు. యూరప్‌లో నన్ను రాజభవనం లాంటి హోటల్లో వారం రోజులు ఉంచుకున్నారన్నది ఇంకొకటి. ఉన్నది మూడు రాత్రులు. అది రాజభవనం కాదు, మూతబడిన బొగ్గుబాయి.

గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల రెస్క్యూ స్టేషన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. బాయిలో మంట లేచినా, విషవాయువు కమ్మినా, కప్పు కూలినా అందరూ బయటికి పరుగెత్తుతుంటే లోపలికి పోయే పని మాది. కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ ఇంటికి వచ్చి, "ఓదెలు సారూ, జర మీ అనుభవాలు చెప్పుండ్రి" అంటారు. చాయ్ తాగినంతసేపు పాత కోతలే కోసి పంపిస్తుంటాను. నిజంగా చెప్పవలసింది ఒకటే ఉంది. చాయ్ ముందు పెట్టుకుని అది చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

బిళ్ల మీద పోవడం

మీ శిక్షణ పుస్తకంలో లేని సంగతి ముందు చెబుతాను. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లను దీపాల గది బోర్డుకు వేలాడదీసి, అదే నంబరు దీపం తీసుకుని టోపీకి తగిలించుకుంటాడు. షిఫ్టు అయ్యాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల బోర్డుకే వేలాడుతుంటే మనిషి ఇంకా కింద ఉన్నాడని అర్థం.

కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. బాయి మీద మాత్రం ఒకరి బిళ్ల మీద ఇంకొకరు దిగేవారు. నడుము పట్టేసినవాడు, జ్వరం వచ్చినవాడు, నాగాలు ఎక్కువై నౌకరి పోయేలా ఉన్నవాడు తమ్ముణ్ణో బావమరిదినో పంపేవాడు. ముఖానికి బొగ్గు మసి పట్టాక ఎవరైనా ఒకేలా ఉంటారు. షిఫ్టు నడిపే ఓవర్‌మన్‌కు తెలుసు, హాజరు రాసే మస్టర్ గుమాస్తాకు తెలుసు, నాకూ తెలుసు. చూసీ చూడనట్టు ఉండటాన్ని మేం దయ అనుకున్నాం.

అలా దిగినవాడికి ఒకటి తెలియదు. పొగ వచ్చినప్పుడు ఎటు నడవాలో అతనికి ఎవరూ నేర్పరు. చల్లగాలి ముఖానికి తగిలేటట్టు నడిస్తే బయటికి వస్తావు. అది వీపుకు తగిలితే పొగతో పాటే నడుస్తున్నావన్నమాట. ఈ ఒక్క పాఠం కోసమే మేం వారం రోజులు శిక్షణ ఇస్తాం. పుస్తకంలో పేరు లేనివాడికి ఆ వారం ఉండదు.

ఆ పొద్దు

మొదటి షిఫ్టు సగానికి వచ్చింది. ఒక పానెల్‌లో, అంటే బొగ్గు తీసి వదిలేసిన గల్లీల గుంపులో, మిగిలిన బొగ్గు తనకు తానే వేడెక్కి పొగ మొదలైంది. మా బాయిల్లో ఇది కొత్త కాదు. మనుషులందరినీ బయటికి తీసి, ఆ పానెల్‌కు పోయే దారులన్నిటికీ గోడలు కట్టి, గాలి అందకుండా చేయాలి. ఆలస్యమైతే పేలుతుంది.

సైరన్ మోగింది. మనుషులు ఏటవాలు దారిలో పరుగెత్తుకుంటూ వచ్చి, దీపాల గది ముందు దీపాలు కుప్పగా పారేసి నీళ్ల ట్యాంకు దగ్గర పడ్డారు. గుమాస్తా పేజీలు తప్పుతుంటే మస్టర్ పుస్తకం నేనే లాక్కున్నాను. బాయి మూతి దగ్గర నిలబడి పేర్లు పిలిచాను. చుట్టూ ఆడవాళ్ల ఏడుపులు, లారీల హారన్లు. పేరు పిలవడం, "ఉన్న సారూ" అని వినబడటం, గీత పెట్టడం. తల పుస్తకంలోనే ఉంది.

"పోశం!"

పలకలేదు.

"పోశం! ఏడున్నవ్‌రా?"

"ఉన్న సారూ!"

గీత పెట్టాను. లెక్క సరిపోయింది. మేనేజరు చలపతి గారు కారు దిగి వచ్చారు. గుంటూరు వైపు మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా.

"ఏమయ్యా ఓదెలూ, అందరూ వచ్చేశారా?"

"అందరూ వచ్చిండ్రు సార్."

"అయితే ఇంకేం చూస్తున్నావ్? గోడలు కట్టించెయ్."

కట్టించాను. రెండు గంటలు గడిచాయి. చివరి దారికి ఇటుకల గోడ పూర్తయి, పైన సిమెంటు పూస్తున్నారు. నేను గాలి తీసుకోవడానికి పైకి వచ్చాను. పోశం నా దగ్గరికి వచ్చాడు. ఒంటి మీద ఇంటి లుంగీ, శుభ్రమైన బనీను. చేతుల మీద ఎక్కడా మసి లేదు. అప్పుడు చూశాను అతని ముఖం.

"సారూ, నేనియ్యాల దిగలే. నా బిళ్ల మీద మా బావ దిగిండు. అంజయ్య. సిరిసిల్ల నుంచి వచ్చిండు, మా చెల్లె పెనిమిటి. సైరన్ కూత ఇని ఉరికొచ్చిన. నా పేరు పిలిస్తే నౌకరి పోతదని పలికిన. మా బావ ట్యాంకు కాడ ఉండొచ్చనుకున్న. ఏడ లేడు సారూ. మొత్తం దేవులాడిన. ఏడ లేడు."

ఆ తరువాత నేను ఊపిరి పరికరం తగిలించుకుని ఒంటరిగా మూడు వందల అడుగులు లోపలికి పోయి, అంజయ్య టోపీ వరకు చేరి, మంటకు వెనక్కి తిరిగానని రిటైరయ్యాక కొందరికి చెప్పాను. ఆ మాట తీసేయండి. నేను కదలలేదు. అప్పటికి మా దగ్గర పంజరంలో పిట్టలు ఉండేవి. విషవాయువుకు మనిషి కంటే ముందు పిట్ట పడిపోతుంది. ఆ పానెల్ మూతి దగ్గరే పిట్ట గంట కిందట పడిపోయింది. లోపల ప్రాణం ఉండే వీలు లేదని నాకు తెలుసు. గోడ పగలగొడితే లోపలికి గాలి పోయి పేలుతుంది, నా రెస్క్యూ జట్టు పిల్లలు ఆరుగురు దాని ముందు నిలబడి ఉంటారు. ఇది ఒక కారణం. నేను తల ఎత్తకుండా గీత పెట్టానని అందరికీ తెలిసిపోతుంది. ఇది రెండో కారణం. రెండూ నిజమే. ముందు వచ్చింది మాత్రం రెండోది.

"ఇంటికి పో" అన్నాను పోశంతో. "నోరు మూసుకో. నౌకరి పోవుడే కాదు, జైల్ల పడ్తవ్. నువ్వు దిగినవ్, పైకొచ్చినవ్. సమజైందా?"

అతను నా కాళ్లు పట్టుకోలేదు, అరవలేదు. "మా చెల్లెకు ఏం జెప్పాలె సారూ?" అన్నాడు.

సిమెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి నేను కిందికి దిగాను.

మర్నాడు దీపాల గది నుంచి కబురు వచ్చింది, కుప్పలో ఒక దీపం తక్కువ అని. నంబరు పోశంది. "పరుగులో పడిపోయింది" అని నా చేత్తోనే రాశాను. ఆ పానెల్‌ను మళ్లీ తెరవలేదు. అక్కడ తీయడానికి బొగ్గు మిగల్లేదు.

హోటల్

తరువాతి సంగతి వింటే మీకు కడుపు మండాలి. ఆ రోజు పని మీద నేను రాసిన రిపోర్టు పైకి పోయింది. ఇంత తక్కువ సమయంలో, ఒక్క ప్రాణం పోకుండా, పానెల్ మూసిన తీరు అని మెచ్చుకున్నారు. నాలుగేళ్లకు జర్మనీలో రెస్క్యూ వాళ్ల సభ ఒకటి జరిగితే, ఆ రిపోర్టు చదవడానికి నన్ను, చలపతి గారిని పంపించారు.

మమ్మల్ని దింపిన హోటలు ఒకప్పటి బొగ్గుబాయి స్నానాల గది. కార్మికులు బట్టలు విప్పి గొలుసులకు తగిలించి కప్పుకు లాగేవారట. ఆ గొలుసులు అలాగే ఉన్నాయి, బట్టల బదులు గాజు దీపాలు వేలాడుతున్నాయి. గోడలకు సిమెంటు పూయలేదు, ఇనుప దూలాలకు తుప్పు వదిలించలేదు. మా బాయి మీద గోడ అలా ఉంటే ఓవర్‌మన్‌ను సస్పెండ్ చేసేవారు. అక్కడ దాన్నే చూడటానికి దేశదేశాల నుంచి వస్తారు. నా గదిలో స్నానం చేసే చోటు మంచానికి ఎదురుగా, నాలుగు వైపులా అద్దం. నేను లైటు తీసేసి స్నానం చేశాను. సబ్బు దొరకలేదు. గిన్నెలో ఒక బొగ్గు పెళ్ల పెట్టి ఉంది, గుర్తుగా ఇచ్చారనుకుని పెట్టెలో దాచాను. సబ్బు అదేనని మూడో రోజు చలపతి గారు చెప్పారు.

నవ్వుకోండి, పరవాలేదు. కింద హాల్లో గోడ నిండా పాత బిళ్లలు కొట్టి ఉన్నాయి. వందల ఇత్తడి బిళ్లలు, ఒక్కోదాని మీద నంబరు. వాటి ముందు నిలబడి జనం వైన్ తాగుతున్నారు. వేలాడే బిళ్ల అంటే కింద మనిషి ఉన్నాడని చదివే కళ్లు నావి. నేను ఆ గోడకు వీపు పెట్టి కూర్చున్నాను.

రెండో రోజు సభలో రిపోర్టు చదివాను. కాగితం పక్కన పెట్టి నిజం చెప్పేశానని మా పెద్దల్లుడికి ఈ మధ్య ఒకసారి చెప్పాను. లేదు. "అందరూ క్షేమంగా పైకి వచ్చారు" అన్న వాక్యం దగ్గర గొంతు కాస్త పెంచి చదివాను. చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి కొట్టారనేది కూడా నేను కలిపిందే. కూర్చునే కొట్టారు.

మూడో రోజు పొద్దున నాష్టా వేళ హోటల్లో గంట మోగింది. వంటింట్లో పొగ. అందరినీ వాకిట్లోకి పంపారు. తెల్లటి స్నానపు గౌన్లలో పెద్దపెద్దవాళ్లు చలికి ముడుచుకుని నిలబడ్డారు. కౌంటరులో ఉండే అమ్మాయి, పాతికేళ్లు ఉండవు, అట్ట మీద కాగితం పెట్టుకుని పేర్లు పిలుస్తోంది. చలపతి గారు కనబడలేదు. స్నానంలో ఉంటారు, అల్లరి ఎందుకు, వచ్చేస్తారు అనుకున్నాను. ఆయన పేరు పిలిచింది.

"ఉన్నారు" అన్నాను.

నేను అనుకుని అన్నది కాదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

ఆ అమ్మాయి కాగితం మీద గీత పెట్టలేదు. తల ఎత్తింది. "ఎవరు ఆయన?" అంది ఇంగ్లిషులో. నేను గుంపు వైపు చెయ్యి ఊపాను. ఆమె మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది.

"చూపించండి. చూడకుండా నేను రాయను."

"వెనకాల ఉన్నారేమో."

"ఉన్నారా, ఉన్నారేమోనా?"

ఆమె వైర్‌లెస్‌లో ఒకరు లోపల ఉన్నారని చెప్పింది. కాసేపటికి ఫైరు వాళ్లు చలపతి గారిని తీసుకొచ్చారు. తల నిండా నల్లటి నురగ, ఒంటికి గౌను, ముఖాన కోపం. అందరూ నవ్వారు. మాడింది రొట్టె మాత్రమే. నేను వాకిటి అంచున కూర్చుండిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను చేయని పని ఆ పిల్ల నిమిషంలో చేసింది.

ఆ రోజే చలపతి గారికి అంతా చెప్పాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే, సార్."

"ఆ పానెల్ మూసేశాం కదయ్యా. నువ్వూ మూసెయ్."

ఆయన చెడ్డవాడని రాయను. అంతకు ముందు రెండుసార్లు నా పిల్లల ప్రాణాలు కాపాడిన నిర్ణయాలు ఆయనవి. కానీ ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. అదే నేను మీకు చెప్పదలచుకున్న సంగతి. పైవాడు "వద్దు" అంటే మనకు తప్పించుకోవడానికి దారి దొరుకుతుంది, మనం ఆ దారి కోసమే అతని దగ్గరికి పోతాం. ఇంటికి రాగానే చెప్పేశానని రాస్తే బాగుండేది. రిటైరయ్యే దాకా, ఇంకో మూడేళ్లు, చెప్పలేదు. పెన్షను కాగితం చేతికి వచ్చాక సిరిసిల్ల బస్సెక్కాను.

సిరిసిల్ల

అంజయ్య ఇల్లు సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్యలో ఉంది. ఆ వీధిలో మాట్లాడాలంటే అరవాలి. భార్య కనకవ్వ నూలు కండెలు చుడుతోంది. నొసట బొట్టు, మెడలో పుస్తె. తల్లి నర్సవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"బీవండి నుంచొచ్చినవా బిడ్డా? మా అంజయ్య ఏమన్న కబురు జెప్పిండా?"

కొడుకు భార్య నోటికి భయపడి, మగ్గాల పని వెతుక్కుంటూ పై రాష్ట్రంలోని బీవండికి పారిపోయాడని ఏడేళ్లుగా ఆమె నమ్మకం. వీధి నమ్మకం కూడా అదే. బీవండి నుంచి ఎవరు వచ్చినా పోయి అడుగుతుందట.

నేను కనకవ్వను పక్కకు పిలిచి, నేనెవరో చెప్పాను. ఇంకేమీ చెప్పకముందే ఆమె చేతిలో దారం తెగింది.

"మా అన్న జెప్పిండు సారూ. ఆ నెలల్నే జెప్పిండు."

"మరి అత్తకు?"

"ఎట్ల జెప్పాలె? చెప్తే కేసైతది, మా అన్న జైలుకు వోతడు. ఆని పిల్లలు చిన్నోళ్లు. నన్ను తిడితే తిట్టనియ్యి అనుకున్న. నీ నోటికే నా కొడుకు ఇల్లిడిసిండంటది పొద్దు లేస్తే. పండుగకు పుట్టింటికి పోతే మా అన్న నా ముందట కూసోడు. ఇక్కడ గీమె తిట్లు, అక్కడ గాయిన మొఖం." కొంగుతో కళ్లు కాదు, నోరు తుడుచుకుంది. "నేను ముత్తయిదనా, ముండమోపినా సారూ? మీరన్నా జెప్పుండ్రి. మీరే గద రాసింది."

చెబుతానన్నాను. రాసిస్తాననీ అన్నాను. నేను వచ్చింది నా బరువు దించుకోవడానికి. ఆమెకు కావలసింది ఒక మాట, అది కూడా అత్త ముందు. అరుగు మీదికి పోయి నర్సవ్వ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. సాంచల చప్పుడుకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. ఆమె ఏడవలేదు. కోడలి వైపు తిరిగింది.

"నీకెరుకేనా?"

"ఎరుకే అత్తా."

"ఎరుకుండి, గిన్నేండ్లు నేను తిడితే పడ్డవా?"

"నీకు కొడుకు ఉండె గద అత్తా, బీవండిల."

ఆఫీసు

కంపెనీకి ఉత్తరం రాశాను. నా తప్పు, నా మాట, దీపం నంబరు, అన్నీ. పోశం ఎవరి ఒత్తిడితో నోరు మూసుకున్నాడో కూడా రాశాను. కొన్ని నెలలకు ముగ్గురు అధికారులు పిలిపించారు. బల్ల మీద నా పాత రిపోర్టు ఉంది. "ఇందులో ఎక్కడా సందుల్లేవు సార్" అన్నాడు ఒక కుర్ర అధికారి, మెచ్చుకోలుగా. పోశాన్ని కూడా పిలిపించారు. అతని కొడుక్కి కంపెనీలో నౌకరి కాగితాలు నడుస్తున్న రోజులు. నా వైపు చూడలేదు.

"నేనే దిగిన సారూ ఆ పొద్దు. నేనే పైకొచ్చిన. ఓదెలు సారు ముసలోడైండు, యాది తప్పుతుండు. సారుకు మొదటి నుంచి కథలు జెప్పుడు అలవాటు."

గదిలో అందరూ నవ్వు ఆపుకున్నారు. అతను అబద్ధం చెప్పలేదు, ఆ చివరి మాట వరకైతే. ఆ రోజు ఏం చెప్పమని నేర్పానో అదే అప్పజెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. రికార్డు ప్రకారం ఆ షిఫ్టులో దిగినవారంతా పైకి వచ్చారని, విషయం ముగిసిందని ఉత్తరం వచ్చింది. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను. జవాబులు రావడం ఆగిపోయింది.

పిల్లలూ, పరికరం ఎలా తొడుక్కోవాలో, గోడ ఎంత మందం కట్టాలో మీకు నాకంటే బాగా తెలుసు. పేరు పిలిచినప్పుడు తల ఎత్తండి. ఒక్క ముఖం చూడటానికి పట్టే సమయం నేను మిగుల్చుకున్నాను, అది నాకు దేనికీ పనికిరాలేదు.

పత్తి చేను

ఉత్తరం సంగతి చెప్పడానికి మళ్లీ సిరిసిల్ల పోయాను. నర్సవ్వకు కాగితాల గొడవ పట్టలేదు.

"నా కొడుకు ఏడున్నడు బిడ్డా? గా జాగ సూపిస్తవా?"

బాయి లోపలి గల్లీలకు, పైన నేలకు కలిపి నక్షా ఉంటుంది. ఏ చేను కింద ఏ గల్లీ ఉందో అది చదివినవాడు చెప్పగలడు. ఆ పానెల్ పైన, లక్సెట్టిపేట వైపు పోయే తోవకు ఎడమన పత్తి చేలు ఉన్నాయి. అత్తాకోడళ్లను ఆటోలో తీసుకుపోయాను. పత్తి ఏరుతున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. నేను కరెంటు స్తంభం దగ్గర నుంచి అడుగులు లెక్కబెడుతూ సాళ్ల మధ్య నడిచి, ఒక చోట ఆగి, చెప్పు కాలితో నేల మీద గీత గీశాను.

"ఇక్కడ."

"గింత కచ్చితంగ ఎట్ల ఎరుక బిడ్డా?"

"కొలిచిన అవ్వా. నక్షల ఉంది. సక్కగ దీని కిందనే."

నర్సవ్వ చెప్పులు విడిచింది. సంచిలోంచి విస్తరాకు, అన్నం, కొడుకు నేసినదని దాచిన తువ్వాల తీసింది. కనకవ్వ పుస్తె తీసి అత్త చేతిలో పెట్టింది. ఆమె దాన్ని అన్నం పక్కన పెట్టి, పిట్ట కోసం చూస్తూ ఎండలో కూర్చుంది. చేను రైతు వచ్చి సంగతి అడిగాడు. చెప్పాను. అతను తలపాగా తీశాడు.

పిట్ట ముట్టడానికి చాలాసేపు పట్టింది. ముట్టాక నర్సవ్వ లేచి, కోడలి భుజం పట్టుకుని నడిచింది.

నిజం ఏమిటంటే ఆ పానెల్‌లో గల్లీలు పద్నాలుగు. దారి తెలియనివాడు పొగతో పాటు ఎటు నడిచాడో, ఏ గల్లీలో పడ్డాడో ఏ నక్షా చెప్పదు. ఆ గీత నేను ఊరికే గీశాను. ఈ కాగితాల్లో నా కోతలన్నీ కొట్టేస్తూ వచ్చాను, దాన్ని మాత్రం ఆమెకు చెప్పలేదు, చెప్పను కూడా. ఏటా ఆమె అక్కడికే వస్తుంది. ఆ రైతు ఆ రెండు గజాల్లో విత్తనం వేయడం మానేశాడు.